ఇటలీ హనీమూన్: 10 రాత్రులకి ఏ ఊళ్ళు ఉంచాలి, ఏవి తీసెయ్యాలి?

కొత్తజంట | ఆదివారం, ఉదయం 10:12

అందరికీ నమస్కారం. మూఢం వెళ్ళగానే ఫాల్గుణంలో మా పెళ్ళి. హనీమూన్ ఇటలీకే అని ఇద్దరం ఒకే మాట మీద ఉన్నాం. అంతవరకే ఒకే మాట. ఏయే ఊళ్ళన్నది తేలడం లేదు. హైదరాబాద్ నుంచి బయల్దేరతాం. విమానంలో పోయేది పోగా 10 రాత్రులు చేతిలో ఉంటాయి.

ప్రస్తుతానికి మా ఎక్సెల్ షీట్‌లో ఉన్నవి ఇవి: మిలాన్, కోమో సరస్సు, వెరోనా, వెనిస్, ఫ్లోరెన్స్, పీసా, చింక్వె తెర్రె, రోమ్, నేపుల్స్, పొంపేయి, పొసిటానో, కాప్రి. తనకి పొసిటానో తప్పనిసరి, నాకు రోమ్ తప్పనిసరి. మిగతావాటి మీద బేరాలు నడుస్తున్నాయి.

తను శాకాహారి, గుడ్డు కూడా తినదు. పెళ్ళయిన వారానికే, అంటే మార్చి మొదట్లో వెళ్దామని ఆలోచన. బడ్జెట్ మరీ బిగించుకోలేదు, అలాగని సముద్రం కనిపించే సూట్‌లు తీసుకునేంత కూడా లేదు. ఏం తీసెయ్యమంటారు?

టురిన్ తెలుగోడు | ఆదివారం, ఉదయం 10:47

ఊళ్ళ సంగతి తర్వాత, ముందు నెల సంగతి చూడు బ్రో. మార్చి మొదట్లో పొసిటానో సగం మూసే ఉంటుంది. అక్కడి హోటళ్ళు చాలామటుకు నవంబరులో తాళం వేసి ఈస్టర్ చుట్టుపక్కల తెరుస్తాయి. తీరం వెంబడి తిరిగే పడవలు కూడా ఏప్రిల్ నుంచే. ఇన్‌స్టాలో మీరు చూసే వరసగా గొడుగులు వేసిన బీచ్ ఎండాకాలంది. మార్చిలో వెళ్తే వాన, గాలి, మూసిన తలుపులు.

రోమ్, ఫ్లోరెన్స్ అయితే మార్చిలో చాలా బాగుంటాయి. జనం తక్కువ, గదుల రేట్లు తక్కువ. అంటే మీకు రెండే దారులు. మార్చిలోనే కావాలంటే తీరం వదిలెయ్యండి, తీరం కావాలంటే ఏప్రిల్ చివరకి జరపండి. ఆగస్టు ఊసు మాత్రం ఎత్తొద్దు. ఎండ సంగతి సరే, 15వ తేదీ ఫెర్రగోస్తో పండగని ఊళ్ళో మంచి హోటల్ అనుకున్నది మూసేసి వాళ్ళే బీచ్‌కి పోతారు.

వరంగల్ వాకర్ | ఆదివారం, ఉదయం 11:20

12 ఊళ్ళు, 10 రాత్రులు. ఇది హనీమూన్ కాదన్నా, ఎన్నికల ప్రచారం.

ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతది. పొద్దున పదింటికో పదకొండింటికో గది ఖాళీ చెయ్యాలి, అవతల ఊళ్ళో మధ్యాహ్నం రెండు మూడు దాకా గది ఇవ్వరు. మధ్యలో సూట్‌కేసులు ఈడ్చుకుంటూ స్టేషన్లో కూర్చోవాలి. నన్నడిగితే నాలుగు చోట్ల కన్నా ఎక్కువ మంచాలు మార్చకండి. అదీ పెళ్ళి అలసట తీరకముందే.

చార్మినార్ చాయ్ | ఆదివారం, ఉదయం 11:31

ఇంత టెన్షన్ ఎందుకు భాయ్, ప్యాకేజీ తీసుకోండి. స్విట్జర్లాండ్ కూడా కలిపి చూపిస్తారు, ఇండియన్ వంటవాడు వెంటే ఉంటాడు. పప్పన్నం గ్యారంటీ.

వరంగల్ వాకర్ | ఆదివారం, ఉదయం 11:38

పొద్దున ఆరింటికి రిసెప్షన్ నుంచి ఫోన్ చేసి లేపుతరు, 40 మందితో ఒకే బస్సు. కొత్తగా పెళ్ళయినోళ్ళకి అవసరమా?

రాజమండ్రి రోజ్‌మిల్క్ | ఆదివారం, మధ్యాహ్నం 12:05

మిగతావి ఎలా కోసుకున్నా సరే, వెనిస్‌ని మాత్రం ఉంచండి. ఉంచడమంటే దీవి లోపలే రాత్రి ఉండాలి. చాలామంది పగలు వచ్చి ఫొటోలు దిగి సాయంత్రం రైలెక్కేస్తారు. వాళ్ళు చూసేది సెయింట్ మార్క్స్ చౌకు నుంచి రియాల్తో వంతెన దాకా తోసుకుంటూ నడిచే జనాన్ని. రాత్రి తొమ్మిది దాటాక అదే సందుల్లో మీ అడుగుల చప్పుడు మీకే వినిపిస్తుంది.

తెల్లారి ఆరున్నరకి లేచి కాలవ గట్టుకి వెళ్ళండి. కూరగాయలు, మంచినీళ్ళ సీసాల పెట్టెలు, హోటల్ దుప్పట్ల మూటలు అన్నీ పడవల మీదే వస్తాయి. దించుకుని తోపుడు బళ్ళ మీద వేసి, ఒక్కో వంతెన మెట్లూ టకటకా ఎక్కిస్తారు. వాపొరెత్తో అంటే అక్కడి సిటీ బస్సు, కాకపోతే నీళ్ళ మీద నడుస్తుంది. రేవు దగ్గరికి రాగానే అందులో ఉన్న మనిషి తాడు విసిరి, గుంజకి రెండు చుట్లు చుట్టి, గేటు జరుపుతాడు. రెండు సెకన్ల పని. నేను దిగాల్సిన రేవులు వదిలేసి మరీ చూస్తూ కూర్చున్నాను.

గొండోలా రేటు పగలు అరగంటకి 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 110. అది పడవకి, మనిషికి కాదు. వద్దనుకుంటే త్రగెత్తో అని ఉంటుంది. గ్రాండ్ కెనాల్‌ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దాటించే మామూలు గొండోలా, 2 యూరోలు. అందరితో పాటు దాటెయ్యొచ్చు.

టురిన్ తెలుగోడు | ఆదివారం, మధ్యాహ్నం 12:30

దీవిలో గది రేటు వింటే హనీమూన్ మూడ్ పోతుంది. దీవికి ఇవతల, నేల మీదున్న మెస్త్రెలో ఉంటే సగానికి వస్తుంది. రైలెక్కితే పది నిమిషాల్లో శాంతా లూచియా స్టేషన్, బయట అడుగు పెడితే ఎదురుగా గ్రాండ్ కెనాల్. నేను స్టూడెంట్‌గా ఎన్నిసార్లు వెళ్ళినా మెస్త్రెలోనే దిగాను.

రాజమండ్రి రోజ్‌మిల్క్ | ఆదివారం, మధ్యాహ్నం 12:41

స్టూడెంట్‌గా వెళ్ళడం వేరు తమ్ముడూ. వాళ్ళు ఉండేదే రెండు రాత్రులు, ఆ తేడా ఒక డిన్నర్ మానేస్తే సరిపోతుంది. పైగా ఏప్రిల్–జూలై మధ్య కొన్ని రోజుల్లో పగటిపూట వచ్చిపోయేవాళ్ళకి 5 నుంచి 10 యూరోల ప్రవేశ రుసుం పెట్టారు. దీవి హోటల్లో ఉండేవాళ్ళకి అది లేదు.

టురిన్ తెలుగోడు | ఆదివారం, మధ్యాహ్నం 12:52

మెస్త్రె కూడా వెనిస్ మునిసిపాలిటీ కిందే వస్తుంది, అక్కడ ఉన్నా ఆ రుసుం లేదు 🙂 కానీ రాత్రి సంగతి మీరన్నది నిజమే, ఒప్పుకోను గానీ నిజమే.

అసలు పెళ్ళికూతురు | ఆదివారం, మధ్యాహ్నం 2:15

నమస్తే. పైన పోస్ట్ పెట్టిన ఆయనకి కాబోయే భార్యని. లింక్ పంపితే వచ్చి చదువుతున్నాను. రెండు మాటలు చెప్పాలి.

ఒకటి, నెల మార్చడానికి నాకు అభ్యంతరం లేదు. నేను హాస్పిటల్లో డ్యూటీ డాక్టర్ని, మార్చిలో కంటే ఏప్రిల్ చివర సెలవు దొరకడం తేలిక. పెళ్ళి పందిట్లో మూడు రోజులు నిద్ర లేక, నాలుగో రోజు వ్రతం పీటల మీద తూగి, వారం తిరక్కుండా ఫ్లైట్ ఎక్కడం నాకూ ఇష్టం లేదు. రెండోది, ఆయన "రోమ్ తప్పనిసరి" అంటే ఏమిటో మీకు తెలియాలి. రోజుకి మూడు మ్యూజియంలు, మధ్యలో ఒక శిథిలం. నాకు సాయంత్రం ఎక్కడైనా కూర్చుని సముద్రం చూస్తూ ఏమీ చెయ్యకుండా ఉండాలని ఉంది. అది కాస్త లెక్కలోకి తీసుకోండి.

కొత్తజంట | ఆదివారం, మధ్యాహ్నం 2:18

మూడు కాదు, రెండు.

కోనసీమ పెద్దమ్మ | ఆదివారం, సాయంత్రం 4:40

అమ్మాయి చెప్పినట్టు విను నాయనా. మ్యూజియంలు ఎక్కడికీ పోవు.

అమ్మా, నీకొక మాట. నల్లపూసలు తియ్యకూడదని మీ అత్తగారు అంటారు, నేనైనా అదే అంటాను. అలాగని పెళ్ళిలో వేసిన బరువైన గొలుసులు అక్కడికి మోసుకెళ్ళకు. సన్నటి నల్లపూసల గొలుసు ఒకటి వేసుకుని పైన స్కార్ఫ్ చుట్టుకో, మిగతావి లాకర్లో పెట్టి వెళ్ళు. రోమ్‌లో మెట్రో, వాటికన్ వైపు వెళ్ళే 64 నంబరు బస్సు జేబుదొంగలకి పేరు మోసినవి. మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడు మేం ఆ బస్సులో బ్యాగు ముందుకి వేసుకునే కూర్చున్నాం.

ఫ్లోరెన్స్‌లో పోంతె వెక్కియో అని పాత వంతెన ఉంది, దాని మీదంతా నగల కొట్లే. ఒకప్పుడు మాంసం కొట్లు ఉండేవట, 1593లో అక్కడి పాలకుడు వాళ్ళని లేపేసి కంసాలులకి ఇచ్చాడట. చూసి ఆనందించు. కొనాలనిపిస్తే చిన్న ఉంగరం చాలు, అక్కడ ఎక్కువగా 18 కేరట్లే, మన 22 కాదు. ఇక్కడ మార్చేటప్పుడు తెలుస్తుంది.

ఉప్పుడుపిండి | ఆదివారం, రాత్రి 7:25

తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తుతాను. శాకాహారికి యూరప్‌లో ఇటలీ అంత సుఖమైన దేశం నాకు తగల్లేదు. గుడ్డు వద్దంటే మాత్రం కాస్త కనిపెట్టుకుని ఉండాలి.

బొలోన్యా, ఫ్లోరెన్స్ వైపు చేత్తో చేసే తాజా పాస్తాలో గుడ్డు ఉంటుంది. తల్యతెల్లె, లజాన్యా, తొర్తెల్లీని అన్నీ ఆ బాపతే. ఎండు పాస్తా అయితే గోధుమ రవ్వ, నీళ్ళు, అంతే. స్పగెత్తి, పెన్నె లాంటివి ధైర్యంగా తినొచ్చు, అయినా ఒకసారి అడగండి. పెన్నె అరాబ్యాతాలో ఎండుమిరప ఉంటుంది, మన నాలుకకి అదొక ఊరట. రిజొత్తో అనే అన్నం వంటకం, మినెస్త్రోనె అనే కూరగాయల సూప్ చూడ్డానికి శాకాహారంలా ఉంటాయి గానీ చాలా చోట్ల మాంసం ఉడికించిన నీళ్ళతో చేస్తారు. ఐస్‌క్రీములో నిమ్మ, స్ట్రాబెర్రీ సొర్బెత్తో తీసుకోండి, క్రీము రకాల్లో గుడ్డు పచ్చసొన తరచు పడుతుంది.

ఇంకా పట్టింపు ఉన్నవాళ్ళకి: పార్మిజానో, పెకొరీనో చీజ్‌లు చెయ్యడానికి పాలు విరగ్గొట్టేది దూడ, గొర్రెపిల్లల కడుపులోంచి తీసిన రెనెట్‌తో. అది వద్దనుకుంటే నేపుల్స్ పక్కన పిజ్జా మరినారా ఉంది. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె, అంతే. చీజే ఉండదు. చీజ్ లేని పిజ్జా ఏమిటని మొహం చిట్లించకండి. అంచు పొంగి అక్కడక్కడా మాడి, మధ్యలో టమాటా ఇంకా సలసలమంటూ ఉండగా తెచ్చి పెడతారు. వెల్లుల్లి వాసన ముందే వచ్చేస్తుంది.

"సోనో వెజెతర్యానా, సెంత్సా ఉవోవా" అంటే నేను శాకాహారిని, గుడ్డు లేకుండా అని. ఫోన్లో రాసి చూపించినా చాలు. రోమ్‌లో తెర్మిని స్టేషన్ దగ్గర పియాత్సా విత్తోరియో చుట్టుపక్కల మన కొట్లు, బంగ్లాదేశీ కొట్లు బోలెడు. మూడో రోజుకి అన్నం మీదకి మనసు పోతే అటు నడవండి.

అసలు పెళ్ళికూతురు | ఆదివారం, రాత్రి 7:50

చీజ్ సంగతి చెప్పకుండా ఉండాల్సింది మీరు 😐

గట్టుమీద పిల్ల | ఆదివారం, రాత్రి 9:10

పొసిటానో గురించి. చూడ్డానికి అంత అందమైన ఊరు నిజంగానే లేదు, అదీ పడవలోంచి చూస్తే. ఉండటానికి మాత్రం ఆలోచించండి. ఊరంతా కొండకి వేలాడుతూ ఉంటుంది, రోడ్డు ఒకటే, మిగతావన్నీ మెట్లు. సూట్‌కేసులు మోయడానికి అక్కడ కూలీలు ఉంటారంటేనే అర్థం చేసుకోండి.

అదే తీరంలో ఉన్న అమాల్ఫి ఊళ్ళో గది తీసుకుంటే రేవు, బస్‌స్టాండు పక్కపక్కనే. పొసిటానోకి పడవలో పగలు వెళ్ళి రావచ్చు. రవెల్లోకి బస్సులో అరగంట లోపే. అక్కడ విల్లా చింబ్రోనె తోట చివర సముద్రం మీదకి వేసినట్టు ఒక వసారా ఉంది. ఏమీ చెయ్యకుండా కూర్చోవాలన్నారే, ఆ చోటు అదే. అమాల్ఫి కూడా ఖరీదనిపిస్తే పక్కనే నడిచి వెళ్ళేంత దూరంలో అత్రాని. విస్తీర్ణంలో ఇటలీలోకెల్లా చిన్న మునిసిపాలిటీ. రాత్రి భోజనం చౌకులోనే, పిల్లలు మీ బల్లల మధ్య బంతాడుతుంటారు.

దారి కూడా చెప్తాను. అందరూ నేపుల్స్‌లో దిగి, సొరెంతో దాకా కిక్కిరిసిన లోకల్ రైలెక్కి, అక్కణ్ణుంచి ఘాట్ రోడ్డు బస్సు పడతారు. ఆ మలుపులకి కడుపులో తిప్పేవాళ్ళు తప్పకుండా ఉంటారు. దాని బదులు వేగం రైల్లో నేరుగా సాలెర్నోలో దిగండి. స్టేషన్ నుంచి రేవుకి నడిచే దూరం, పడవలో 35 నిమిషాలకి అమాల్ఫి. గాలి ఎక్కువైతే పడవలు ఆపేస్తారు, ఆ రోజు మాత్రం బస్సే గతి.

కొత్తజంట | ఆదివారం, రాత్రి 9:34

బస్సైతే ఎటువైపు కూర్చోవాలి?

గట్టుమీద పిల్ల | ఆదివారం, రాత్రి 9:36

సొరెంతో నుంచి అమాల్ఫికి వచ్చేటప్పుడు కుడివైపు. తిరుగు ప్రయాణంలో ఎడమ.

కేరాఫ్ మిలాన్ | సోమవారం, ఉదయం 8:20

మిలాన్‌ని, కోమోని అందరూ చూడకుండానే కొట్టేశారేమిటి? మిలాన్ సెంట్రల్‌లో రైలెక్కితే గంట దాటగానే కోమో సరస్సు ఒడ్డున వరెన్నా. ఆ ఊళ్ళో నీటి అంచున ఇనప కమ్మీల దారి ఒకటుంది, దాని పేరే ప్రేమికుల దారి. పొసిటానో రేట్లు చూసి గుండె ఆగేవాళ్ళకి మంచి మందు. అవతల ఒడ్డున బెల్లాజో, పడవలో పావుగంట.

ఒక్క మిలాన్ ఊరైతే హనీమూన్‌కి అక్కర్లేదని నేనూ ఒప్పుకుంటాను. పెద్ద చర్చి పైకప్పు ఎక్కి, లియొనార్డో "చివరి విందు" చూస్తే అయిపోయింది. దానికీ ముందే టికెట్ దొరకాలి, దొరికినా 15 నిమిషాలకి బయటికి పంపేస్తారు.

వరంగల్ వాకర్ | సోమవారం, ఉదయం 8:55

కోమో మస్తుంటది, కానీ అది అమాల్ఫికి బదులు, అమాల్ఫితో పాటు కాదు. ఒకటి ఉత్తర కొస, ఒకటి దక్షిణం. చింక్వె తెర్రెకి కూడా అదే మాట. అక్కడి ఐదు ఊళ్ళూ లోకల్ రైల్లో తిరగొచ్చు, బాగుంటయి, కానీ ఒకే ట్రిప్పులో రెండు కొండ తీరాలు ఎందుకు? పీసా అంటారా, ఫ్లోరెన్స్ నుంచి గంట రైలు, వాలిన గోపురాన్ని చేత్తో ఆపుతున్నట్టు ఫొటో, తిరిగి గంట రైలు. ఆ ఫొటో మీ దోస్తులందరి దగ్గరా ఉంది. వెరోనాలో జూలియెట్ బాల్కనీ అయితే 20వ శతాబ్దంలో అతికించిందే. కాప్రి కూడా తీసెయ్యండి, ఆ రోజు రవెల్లోలో కూర్చోండి.

కేరాఫ్ మిలాన్ | సోమవారం, ఉదయం 9:02

పీసా మీద ఇంత పగా!

ఫైలు పట్టుకున్నోడు | సోమవారం, ఉదయం 11:15

ఊళ్ళు తేలకముందే వీసా గురించి నాలుగు మాటలు. షెంగెన్ వీసా ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, సర్వీస్ ఛార్జి వేరు. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. ఎండాకాలం ముందు అపాయింట్‌మెంట్ల కోసం కొట్టుకుంటారు, కాబట్టి కదలండి. ఇన్సూరెన్స్ 30,000 యూరోల కవరేజీకి తగ్గకూడదు.

ముఖ్యమైనది పేరు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చాలనుకుంటే వచ్చాక తీరిగ్గా మార్చుకోండి. టికెట్లు, హోటళ్ళు, వీసా, ఇన్సూరెన్స్ అన్నీ ఇప్పుడు పాస్‌పోర్టులో ఉన్న పేరు మీదే నడవాలి. మ్యారేజ్ సర్టిఫికెట్ మాత్రం పెళ్ళయిన వెంటనే తీసుకుని జతచెయ్యండి.

ఫ్లైట్ కూడా రానూపోనూ ఒకే ఊరికి బుక్ చెయ్యకండి. మల్టీ సిటీ అని కొట్టి వెనిస్‌లో దిగి రోమ్‌లో ఎక్కండి. దోహా, దుబాయ్ మీదుగా రెండు ఊళ్ళకీ ఫ్లైట్లు ఉన్నాయి. దక్షిణం దాకా వెళ్ళి మళ్ళీ వెనిస్‌కి రైల్లో రావడమంటే ఒక రోజు, రెండు టికెట్లు దండగ.

కొత్తజంట | సోమవారం, రాత్రి 8:30

రాత్రి ఇద్దరం కూర్చుని కోసేశాం. ఇదిగో:

వెనిస్ 2 రాత్రులు (ఏప్రిల్ 24, 25), ఫ్లోరెన్స్ 2 (26, 27), అమాల్ఫి 3 (28, 29, 30), రోమ్ 3 (మే 1, 2, 3). మే 4న రోమ్ నుంచి ఫ్లైట్. మిలాన్, కోమో, వెరోనా, పీసా, చింక్వె తెర్రె, కాప్రి పోయాయి. నేపుల్స్‌లో రైలు ఆగినప్పుడు కిటికీలోంచి చూస్తాం. పొంపేయి తీసెయ్యడానికి మాత్రం నాకు చేతులు రావడం లేదు. ఫ్లోరెన్స్‌లో కారు తీసుకుని చుట్టుపక్కల పల్లెలు తిరగాలని కూడా ఉంది.

టురిన్ తెలుగోడు | సోమవారం, రాత్రి 8:52

కారు వద్దు. ఫ్లోరెన్స్ పాత ఊరంతా జెడ్‌టీఎల్, అంటే అనుమతి లేని బండి లోపలికి వెళ్తే కెమెరా పట్టేస్తుంది. జరిమానా కాగితం నెలల తర్వాత హైదరాబాద్ ఇంటికి వస్తుంది. సియెనాకి బస్సుంది, గంటంబావు.

ఇంకోటి, మీ ప్లాన్‌లో 27 సోమవారం. ఉఫీత్సి, డేవిడ్ విగ్రహం ఉన్న అకాదెమియా మ్యూజియంలు రెండూ సోమవారం సెలవు. ఆదివారం మధ్యాహ్నం దిగి మంగళవారం పొద్దున్నే వెళ్ళిపోతే ఆదివారం సాయంత్రం తప్ప మిగలదు.

రాజమండ్రి రోజ్‌మిల్క్ | సోమవారం, రాత్రి 9:05

అయితే వెనిస్‌కి ఇంకో రాత్రి ఇవ్వండి, ఫ్లోరెన్స్ 27, 28 చేసుకుంటే మంగళవారం మొత్తం మ్యూజియంలకి దొరుకుతుంది. అదనంగా దొరికిన రోజు పడవెక్కి బురానో దీవికి వెళ్ళి రండి, ఇళ్ళకి ఇంటికో రంగు.

25 ఇటలీ అంతటా విమోచన దినం, సెలవు. వెనిస్‌లో అదే రోజు సెయింట్ మార్క్ పండగ కూడా. ఆ రోజు మగవాళ్ళు తమ మనిషికి ఎర్ర గులాబీ మొగ్గ ఇవ్వడం అక్కడి ఆచారం. అబ్బాయీ, గుర్తు పెట్టుకో. ఆ వారాంతం గదులు మాత్రం ఈ రాత్రే చూసుకోండి, మే 1 దాకా ఇటలీ వాళ్ళే సెలవులు కలుపుకుని తిరుగుతుంటారు.

గట్టుమీద పిల్ల | సోమవారం, రాత్రి 9:20

అలాగైతే అమాల్ఫి 29, 30, మే 1. రోమ్‌కి రెండు రాత్రులే మిగులుతాయి. పెళ్ళికొడుకు ఒప్పుకుంటాడా?

కొత్తజంట | సోమవారం, రాత్రి 9:31

పక్కన ఫోన్‌లో నవ్వు వినిపిస్తోంది. ఒప్పుకున్నట్టే.

వరంగల్ వాకర్ | సోమవారం, రాత్రి 10:02

రెండు రాత్రులైనా రోమ్ బాగానే సర్దొచ్చు. మే 2 శనివారం మధ్యాహ్నానికి చేరతారు, సాయంత్రం వాటికన్ మ్యూజియంకి టైం బుక్ చేసుకోండి. ఆదివారం అది సెలవు, నెలలో ఆఖరి ఆదివారం తప్ప. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి, చర్చిలోకి రానివ్వరు లేకుంటే.

మే 3 నెలలో మొదటి ఆదివారం, ప్రభుత్వ మ్యూజియంలన్నీ ఫ్రీ. అంటే కొలోసియం ముందు జాతరే. ఆ రోజు అటు పోకుండా ఒస్తియా ఆంతికాకి వెళ్ళండి, రోమ్ నుంచి లోకల్ రైల్లో అరగంట. అది కూడా పాత రోమన్ ఊరే. వీధులు, స్నానశాలలు, కొట్ల ముందు మొజాయిక్‌లు, నాటకశాల, అన్నీ ఉంటయి. పొంపేయి బాధ చాలావరకు తీరుతది. ఫ్లైట్ సోమవారం రాత్రిది దొరికితే పొద్దున్నే కొలోసియం. టికెట్లు పేర్లతో, టైంతో ఇస్తరు, 30 రోజుల ముందు వదులుతరు. అలారం పెట్టుకోవాలె.

అసలు పెళ్ళికూతురు | సోమవారం, రాత్రి 10:20

వెనిస్ 3, ఫ్లోరెన్స్ 2, అమాల్ఫి 3, రోమ్ 2. నాకు ఓకే. షీట్ నేనే మార్చేశాను, ఆయనకి ఎడిట్ చేసే పర్మిషన్ తీసేశాను.

కొత్తజంట | సోమవారం, రాత్రి 10:24

ఒస్తియా ఆంతికా కనీసం షీట్‌లో ఉందా?

అసలు పెళ్ళికూతురు | సోమవారం, రాత్రి 10:25

ఉంది. మధ్యాహ్నం ఒంటిగంట దాకా.

కోనసీమ పెద్దమ్మ | మంగళవారం, ఉదయం 6:10

మంచిది. మాగాయ ఒక చిన్న సీసా సూట్‌కేసులో పెట్టుకోండి, చెక్-ఇన్ సామాన్లో. చేతి బ్యాగులో అయితే నూనె ఉందని తీసేస్తారు.